అరగదీసిన కడియాలు

మంచుపేట, కడియాల గది. పొద్దు 301

భోజనాల హాలు గోడ మీద ఇవాళ నా ఫోటో పెట్టారు. కింద పెద్ద అక్షరాలతో "చలి లేని ఏడాదినిచ్చిన చక్రపాణిగారికి ఘన సన్మానం" అని రాశారు. ఫోటో పాతది, నాకు జుట్టున్నప్పటిది. ఉప్మా ప్లేటు పట్టుకుని దాని ముందు నుంచి రెండుసార్లు అటూ ఇటూ నడిచాను, ఎవరైనా చూసి "మీరే కదండీ" అంటారేమోనని. ఇద్దరన్నారు. అప్పటికే నా లోపల ఒక అనుమానం కూర్చుని ఉంది. దాన్ని కడుపులో పెట్టుకుని ఫోటో ముందు పచార్లు చేసినందుకు ఇది రాస్తుంటే చెవులు కాలుతున్నాయి.

ఆ అనుమానం ముక్కంటి బావ మాటతో మొదలైంది. బావ మా హైమక్క భర్త. ఊరి కొలిమి గొట్టం మధ్యలో పదహారో కడియం దగ్గర ఆయన డ్యూటీ. పొద్దున్న శుభ్రం చేయడానికి, దాని చోట విడి కడియం వేసి, దాన్ని తీసి బల్ల మీద పెట్టి నన్ను పిలిచాడు.

"ఏరా చక్రీ, ఇదేంట్రా చల్లారదు? ఇంతకు ముందు చేతిలోకి తీసుకునేసరికే చల్లబడేది. ఇప్పుడు టీ తాగి వచ్చినా చుర్రుమంటోంది."

"గ్లౌజు మందం తగ్గిందేమో, మార్చుకో బావా" అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆయన గ్లౌజు మార్చుకున్నాడు కూడా.

మా కొలిమి సీసంతో నడుస్తుంది. సీసం పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడబెరికి, మిగిలిన బరువైన అయాన్లను పొడవాటి గొట్టంలో తరిమి, చివరన శనగగింజంత ఇంధనపు గోళీ మీద కొడతాం. ఊరికి దీపం, గాలి, నీళ్ళు, వేడన్నం అన్నీ ఆ దెబ్బ నుంచే వస్తాయి. గొట్టం పొడవునా విద్యుత్తు మెట్టుకీ మెట్టుకీ మధ్య పింగాణీ కడియాలుంటాయి. దారి తప్పిన అయాన్లు వాటికి తగులుతూ ఉంటాయి. తగిలి తగిలి కడియం ఉబ్బుతుంది. ఒకసారి బయటికి తీశామంటే మళ్ళీ తన గూట్లో దూరదు.

దూరని కడియాన్ని బట్టీలో కాల్చి పెట్టాలని రూలు. అన్నీ ఇంచుమించు ఒకేసారి ఉబ్బుతాయి కాబట్టి కొలిమి ఆపి కాల్చాలి. ఆపినప్పుడల్లా ఊరంతా నాలుగు రోజులు దుప్పట్లలో ముడుచుకుని పొడిపిండి తినాలి. ఏడాదికి మూడుసార్లు ఈ గోల. కడియాలు సరిచూసే ఈ బల్లకు నేను అధికారినయ్యాక వజ్రపు పొడి పూసిన చక్రం ఒకటి తయారుచేశాను. ఉబ్బిన కడియం అంచును దాని మీద వెంట్రుకంత అరగదీస్తే ఇట్టే దూరిపోయింది. ఉబ్బింది పై చర్మమేనని, అదే తీసేస్తున్నానని అనుకున్నాను. ఏడాది పొడవునా కొలిమి ఆగలేదు. అదీ నా ఘనకార్యం.

పొద్దు 302

ఎవరికీ చెప్పకుండా పదహారో కడియాన్ని ఎక్స్-రే కింద పెట్టాను. మంచి పింగాణీ అయితే తెర మీద చుక్కలు వరసగా, ముగ్గు పెట్టినట్టు కనబడతాయి. పరమాణువులు ఎవరి చోట అవి కూర్చున్నాయని దాని అర్థం. నాకు ఒక్క చుక్కా కనబడలేదు. మసక వలయం ఒకటి కనబడింది, అంతే.

తెర చెడిపోయిందేమోనని కొత్త పింగాణీ ముక్క పెట్టి చూశాను. ముగ్గు చక్కగా వచ్చింది. ఇంకో ఐదు కడియాలు పెట్టాను. అన్నిటికీ అదే మసక.

చర్మం కాదు, లోపలంతా పోయింది. ఒక్కో అయానూ లోపలికి దూసుకుపోతూ పరమాణువులను చోటు నుంచి నెట్టేసింది. నెట్టినవి వెనక్కి రాలేదు. వరస పోయాక వేడి కూడా పారదు, అందుకే బావ చెయ్యి చుర్రుమంటోంది. వేడి పారని కడియం ఒక పక్క కాగిపోయి, ఏదో ఒక పూట నిలువునా చీలుతుంది. చీలిందంటే దాని మీది విద్యుత్తు పక్కన నిలబడ్డ మనిషి మీదికి దూకుతుంది.

ఉబ్బడమే మాకు హెచ్చరిక. నేను దాన్ని అరగదీసి, కొలబద్ద పెట్టి, "సరిపోయింది" అని సంతకం చేస్తూ వచ్చాను. ఊరికి పెద్ద ఇంజనీరును. ఎదురుగా అద్దం ఉంటే దాని మీద ఉమ్మేసేవాణ్ణి.

చెప్పేయాలి. సన్మానం ఎల్లుండి. ఊరంతా అక్కడే ఉంటుంది, మైకు నా చేతికే ఇస్తారు. అప్పుడే చెబుతాను.

పొద్దు 304

చెప్పాను. ఎలా చెప్పానో ఎలా విన్నారో వరసగా రాస్తాను.

మా అధ్యక్షురాలు కమలకుమారి గారికి సన్మానాలంటే ప్రాణం. వేదిక, పూలదండలు, పిల్లల పాట అన్నీ ఏర్పాటు చేశారు. దండలు కాగితం పూలవి. శాలువా మాత్రం అసలైన ఉన్ని. మిగతా చోట్ల సంగతి తెలీదు గానీ మంచుపేటలో శాలువా నిజంగానే పనికొస్తుంది. దాన్ని ఆవిడ స్వయంగా నా భుజాల మీద కప్పి మైకు ఇచ్చారు.

ముందు వరసలో హైమక్క కొత్త చీర కట్టుకుని కూర్చుంది. పక్కన బావ. నేను గొంతు సవరించుకుని, "ఈ గౌరవానికి నేను అర్హుణ్ణి కాను" అన్నాను.

చప్పట్లు మారుమోగాయి.

"కాదండీ, నిజంగా అంటున్నాను. నేను చేసిందేమీ లేదు. పైగా పొరపాటు చేశాను."

చప్పట్లు ఇంకా పెరిగాయి. వెనకనుంచి ఎవరో "పెద్దల లక్షణం!" అని అరిచారు.

"కడియాలు బాగున్నాయని మీరనుకుంటున్నారు. అవి బాగా లేవు. నేను చేయాల్సిన పని సరిగ్గా చేయలేదు" అన్నాను.

కమలకుమారి గారు రెండో మైకు అందుకున్నారు. "చూశారా అండీ! ఇంత చేసి కూడా ఇంకా చేయాల్సింది ఉందంటున్నారు. ఈ వినయం మన పిల్లలు నేర్చుకోవాలి" అన్నారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అక్క కళ్ళు తుడుచుకుంది.

సన్మానం చేయించుకునేవాడు ఏమనాలో మనవాళ్ళకు పుట్టినప్పటినుంచీ తెలుసు. అర్హుణ్ణి కాను, నాదేం లేదు, పొరపాట్లుంటే మన్నించండి అంటారు. నా దగ్గరున్న నిజమంతా సరిగ్గా ఆ మాటల్లోనే ఉంది. కొలతలు చెప్పొచ్చు. ఎక్స్-రే సంగతి చెప్పొచ్చు. "కొలిమి ఆపండి" అని ఒక్క ముక్క అంటే చాలు. మైకు ఇంకా నా చేతిలోనే ఉంది.

నేను దాన్ని స్టాండులో పెట్టి నమస్కారం చేసి కూర్చున్నాను. లడ్డూ ఇచ్చారు, తిన్నాను. నమలుతూ "చెప్పాను కదా, వాళ్ళే వినలేదు" అనుకున్నాను. ఆ ఆలోచన వచ్చాక ఎంత హాయిగా ఉందో చెప్పలేను. దానికి మించిన సిగ్గు నాకు ఇంకోటి లేదు.

పొద్దు 305

ప్రొద్దున్నే ఆఫీసుకు వెళ్ళి కమలకుమారి గారి ముందు కూర్చున్నాను. ఆవిడ నిన్నటి ఫోటోలు చూపించారు. శాలువాలో బాగానే ఉన్నాను.

"మేడమ్, కడియాల కొలతలు ఒకసారి మళ్ళీ చూడాలనుకుంటున్నాను" అన్నాను.

"చూడండి చూడండి. మీరు చూడకపోతే ఎవరు చూస్తారు?" అన్నారు. సరేనని లేచి వచ్చేశాను. అక్కడికి చెప్పడానికే వెళ్ళాను, రుజువుగా ఎక్స్-రే ఫోటోలు జేబులోనే ఉన్నాయి. జేబులోంచి చెయ్యి బయటికి తీయలేదు.

ఆ తర్వాత చేసింది ఇంకా నీచం. డ్యూటీలు మార్చడానికి కూర్చున్నాను. పదహారో కడియం అన్నిటికన్నా చెడిపోయింది కాబట్టి బావను అక్కడినుంచి తీసి నీళ్ళ పంపు దగ్గర వేశాను. ఆ చోటులో ఎవర్ని వేయాలో తోచక కాసేపు ఖాళీగా ఉంచాను. ఖాళీగా ఉండకూడదు కాబట్టి మా గదిలోనే పనిచేసే గంగయ్య పేరు పెట్టాను. గంగయ్య నాకు చుట్టం కాదు.

బావ వచ్చి తగువు పెట్టుకున్నాడు.

"నన్ను పంపు కాడికి తోశావేంట్రా? నేనేం తప్పుజేశాను?"

"తప్పేం లేదు బావా. వయసు మీద పడుతోంది, కాస్త తేలిక పని ఉంటుందని."

"నీ మొహం. నీకంటే నాలుగేళ్ళు పెద్దోణ్ణి, అంతేగా. గంగయ్యకి మోకాళ్ళ నెప్పులు, గంట నిలబడలేడు. ఆడికిచ్చావా నా చోటు? అక్కడేదన్నా తేడాగా ఉందా?"

అడిగేశాడు. సూటిగా నా మొహం చూసి అడిగాడు.

"తేడా ఏముంటుంది?" అన్నాను.

"అయితే నేనే ఉంటాను" అని కాగితం మీద గంగయ్య పేరు కొట్టేసి తన పేరు రాసుకుపోయాడు. నేను చూస్తూ కూర్చున్నాను.

పొద్దు 307

పదహారో కడియం మధ్యాహ్నం షిఫ్టులో చీలింది.

నేను గది ఈ చివరన ఉన్నాను. టపాకాయ పేలినట్టు చప్పుడైంది. తెల్లటి వెలుగు బావ కుడిచేతి మీదికి దూకింది. మోచేయి నుంచి వేళ్ళ దాకా కాలిపోయింది. కొలిమి తనంతట తానే ఆగింది. నేను పరిగెత్తి ఆయన్ని ఈడ్చుకొచ్చాను. ఈడుస్తుంటే నన్ను తిట్టలేదు. "పోయిందేంట్రా, కడియం పోయిందా?" అని అడుగుతున్నాడు.

సాయంత్రానికల్లా ఊళ్ళో మాట పుట్టింది, చక్రపాణిగారు ప్రాణాలకు తెగించి బావను కాపాడారని. ఒకావిడ నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. నేను ఆ చేతులు వెనక్కి లాక్కున్నాను, మొహమాటం అనుకుంది. నేనేం చేసినా ఈ ఊళ్ళో అది గొప్పతనమే అవుతోంది.

పొద్దు 308

ఆసుపత్రికి వెళ్ళాను. బావ చెయ్యి కట్టులో ఉంది. మూడు వేళ్ళు మిగలవని డాక్టరమ్మ చెప్పింది. అక్క ఇంటికి గుడ్డల కోసం వెళ్ళింది. ఎవరూ లేరు.

మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. అరగదీయడం, మసక వలయం, సన్మానం రోజు మైకు పెట్టేయడం, గంగయ్య పేరు అన్నీ చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. నన్ను క్షమించమన్నాను. ఆయన కాళ్ళు పట్టుకోబోతే దుప్పట్లోకి లాక్కున్నాడు.

తర్వాత అడిగాడు.

"అట్టాంటియి ఇంకా ఎన్నున్నాయ్?"

"అన్నీ అలాంటివే బావా."

"కొలిమి ఆగిందిగా మరి?"

"నిన్న రాత్రే విడి కడియం ఒకటి వేసి మళ్ళీ వెలిగించారు."

బావ నా వైపు తిరిగాడు. అంత కోపం ఆయన మొహంలో ఎప్పుడూ చూడలేదు. "అంటే అక్కడ ఇప్పుడు మనుషులు నిలబడున్నారు. నువ్వు ఇక్కడ కూకుని నా చేత సమించాననిపించుకుంటున్నావ్. లెగు. లెగిసి ముందు ఆపెయ్యి. మీ అక్కకి నేను చెప్పను, నువ్వే చెప్పుకోవాల."

ఆసుపత్రికీ కడియాల గదికీ మధ్య ఒక వసారా, అంతే. ఆ వసారాలో ఎడమకు తిరిగితే గది, కుడికి తిరిగితే ఆసుపత్రి. ప్రొద్దున్న నేను కుడికి తిరిగాను. క్షమాపణ నాకు అంత తొందరగా కావాల్సి వచ్చింది.

ఈసారి పరిగెత్తాను. ఎవర్నీ అడగకుండా మీట కిందికి లాగేశాను. గొట్టం హోరు తగ్గి తగ్గి ఆగిపోయింది.

పొద్దు 312

మీట లాగిన రోజే కమలకుమారి గారికి అంతా చెప్పాను. ఈసారి ఎక్స్-రే ఫోటోలు బల్ల మీద పరిచి, ఏ ఒక్క మాటా వినయంగా వినిపించకుండా చూసుకుంటూ చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది. "బాగు చేయొచ్చా?" అని మాత్రం అడిగారు.

చేయొచ్చు. పింగాణీలో అది మంచి గుణం. చెదిరిన పరమాణువులకు తగినంత వేడి తగిలితే కదిలి మళ్ళీ ఎవరి చోటికి అవి చేరతాయి. పాతకాలం వాళ్ళు కడియాలను కాల్చమన్నది అందుకే. కాల్చాక ఉబ్బు తగ్గి ముందున్న కొలతకు వస్తుంది. నిల్వ కరెంటుతో బట్టీ వెలిగించాం. మెల్లగా వేడెక్కించి, మెల్లగా చల్లార్చి, ఇవాళ మొదటి విడత తీశాం.

ముందు ఎక్స్-రే తీశాను. చుక్కలు వచ్చాయి. వరస వరసగా, ఒక్కటి తప్పకుండా, ముగ్గు మళ్ళీ వచ్చింది. గదిలో అందరూ కేకలేశారు. గంగయ్య ఈల కూడా వేశాడు.

కడియాన్ని పట్టుకెళ్ళి గూట్లో పెట్టాను. అది అడుగుకు జారి పడి లొడలొడలాడింది.

కొలబద్ద అక్కర్లేదు. పింగాణీ తన పని తాను చేసింది, ఉబ్బినంతా తగ్గింది. నేను అరగదీసింది మాత్రం తిరిగి రాలేదు. ఏడాది పొడవునా వెంట్రుక, వెంట్రుక అంటూ తీసిందంతా ఒకచోట చేరి కడియం చుట్టూ సందుగా కనబడుతోంది. ఆ సందులో నా చిటికెనవేలు దూరింది. ఉబ్బిన కడియాలను అరగదీయకుండా ఉబ్బినట్టే వదిలేసి ఉంటే, కాల్చగానే సరిపోయి ఈపాటికి ఊరు వెచ్చగా ఉండేది. వాటిని ఇక పనికిరాకుండా చేసింది అయాన్లు కావు.

అన్నీ చూశాం. ఒక్కటీ పట్టలేదు. గంగయ్య నా చేతిలోంచి కడియం తీసుకుని, అటూ ఇటూ ఆడించి, బల్ల మీద పెట్టాడు.

పొద్దు 313

కొత్త కడియాలు చేయాలి. మట్టి కలిపి, పోత పోసి, ఆరబెట్టి, కాల్చేసరికి రెండు నెలలు. అన్నాళ్ళూ నిల్వ కరెంటు బట్టీకే కావాలి. కాబట్టి ఊళ్ళో ఇళ్ళన్నిటికీ వేడి ఆపేసి, జనాన్ని భోజనాల హాల్లోకి తరలించాలి. ఇల్లిల్లూ తిరిగి చెప్పే పని కమలకుమారి గారు నాకే ఇచ్చారు.

"మీరు వెళితే ఎవరూ కాదనరు. మీ మాటంటే గౌరవం ఉంది" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "కారణం అడిగితే సాంకేతిక ఇబ్బంది అనండి. అసలు సంగతి కొత్త కడియాలొచ్చాక చూద్దాం. శాలువా కప్పింది నేను కదండీ" అన్నారు.

నేను తలూపాను. ఇంకా తలూపుతున్నాను చూడండి.

మొదటి వీధి మాదే. నాలుగిళ్ళలో సాంకేతిక ఇబ్బంది అన్నాను. "మీరున్నారు, మాకు భయమేంటండీ" అన్నారు. ఐదోది హైమక్క ఇల్లు. తలుపు తీసి నన్ను చూడగానే నా బుగ్గ మీద చెయ్యి వేసింది.

"ఎంత నలిగిపోయావురా తమ్ముడూ. తిన్నావా?"

"తిన్నానక్కా. రేపటికల్లా అందరూ హాల్లోకి వచ్చేయాలి. ఏదో సాంకేతిక ఇబ్బంది" అన్నాను.

"సరేలే. ఇట్టాంటప్పుడు నువ్వుండబట్టి సరిపోయింది. ఆయన ప్రాణం నువ్వే గదా నిలబెట్టావ్" అంది.

ఆరో ఇంటి దాకా నడిచాను. తలుపు తట్టడానికి చెయ్యెత్తి, దించేశాను. వెనక్కి వచ్చి అక్క తలుపు మళ్ళీ తట్టాను.

"ఏంట్రా మళ్ళీ? దుప్పట్లు సర్దుకుంటున్నా."

"సాంకేతిక ఇబ్బంది కాదక్కా. కడియాలన్నిటినీ నేనే పాడుచేశాను. పదహారోది చీలుతుందని నాకు ముందే తెలుసు. బావ అడిగితే ఏం తేడా లేదన్నాను."

అక్క చేతిలో దుప్పటి సగం మడతలో ఆగిపోయింది.

"తెలిసే ఆయన్నక్కడ నిలబెట్టావా?"

"అవును."

నేను పొరపాటు అనలేదు, మన్నించు అనలేదు. ఆ మాటలు నా నోట్లో అరిగిపోయాయి. అక్క కొట్టలేదు, ఏడవలేదు. నన్ను ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది. తెరిచిన తలుపులోంచి వసారాలోని చలి లోపలికి వస్తోంది.

"లోపలికొచ్చి తలుపెయ్యి. ఉన్న వేడి కాస్తా పోతోంది" అంది.

వేశాను. కూర్చోమనలేదు. దుప్పటి రెండో కొస నా వైపు విసిరింది, పట్టుకున్నాను. ఇద్దరం మడతపెట్టాం. అన్నీ అయ్యాక అడిగింది.

"పక్కింట్లో ఏం చెప్పావ్?"

"సాంకేతిక ఇబ్బందన్నాను."

"దానికి ముందు మూడిళ్ళలో?"

"అదే."

"పో. నాకు చెప్పినట్టే చెప్పు. నేను గుమ్మంలో నిలబడి వింటాను. ఒక్క ముక్క మింగావంటే ఊరుకోను."

పక్కింటి తలుపు తట్టాను. ఆవిడ నవ్వుతూ తీసి, "మళ్ళీ వచ్చారేంటి సార్, రండి రండి" అంది. వెనక అక్క నిలబడే ఉంది. మొదలుపెట్టాను.